తొమ్మిదో రోజు ఎరుపు

"ముట్టకు," అంది రిబ్కమ్మ.

డ్రెస్సింగ్ ట్రే చేతిలో పట్టుకుని లిడియా అక్కడే ఆగిపోయింది. మంచానికీ తనకూ మధ్య అత్తగారు కుర్చీ వేసుకుని, కొంగు నడుముకు దోపుకుని, ఇక కదిలేది లేదన్నట్టు కూర్చుంది.

మంచం మీద ఆశీర్వాదం గోడవైపు తిరిగి పడుకున్నాడు. చొప్పదండి దగ్గర పొలం గట్టు మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న మనిషి. ఆపరేషనై, కోడలు ఇన్‌చార్జి సిస్టర్‌గా ఉన్న ఎముకల వార్డులోనే, భార్య రిబ్కమ్మ తోడుగా పదకొండు రోజులుండి, కరీంనగర్‌లోని ఈ ఇంటికి వచ్చి ఆరు రోజులైంది. తుంటి బాగానే అతుకుతోంది. నడుము కింద, వెన్నెముక చివర మాత్రం పుండు పడింది.

నిన్న సాయంత్రం ఆ పుండు లిడియా కంటబడింది. అప్పటి నుంచి ఈ ఇంట్లో ఎవరికీ అన్నం సరిగా దిగలేదు.

"అత్తమ్మా, పొద్దటి నుంచి మూడుసార్లు అడిగిన. జర చూడనియ్యి."

"నిన్న చూసినవ్ కద! చూసి ఏమన్నవ్? నేను రుద్దవట్టే అయ్యిందన్నవ్."

"గట్ల అనలే. రుద్దుడు ఆపుమన్న."

"రెండూ ఒకటే."

అత్తాకోడళ్ల గొడవ అనగానే కూరలో ఉప్పు గురించో, పండక్కి కొన్న చీర గురించో అనుకుంటాం. ఈ ఇంట్లో గొడవ ఒక ముసలాయన నడుమును స్పిరిటు పోసి రుద్దాలా, అసలు రుద్దకూడదా అన్న దాని మీద. నవ్వొస్తుంది కానీ, ఆ ఇద్దరి ముఖాలు చూస్తే నవ్వు రాదు.

కిటికీ గూట్లో స్పిరిటు సీసా, పౌడరు డబ్బా పక్కపక్కన ఉన్నాయి. రిబ్కమ్మ ముప్పై నాలుగేళ్లు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసింది. మంచాన పడ్డవాళ్ల వీపుకు రోజూ రెండు పూటలా స్పిరిటు పట్టించి, అరచేత్తో గుండ్రంగా రుద్ది, పౌడరు చల్లడం ఆ రోజుల్లో నర్సుకు మొదటి పాఠం. ఆ పని ఆమె చేసినట్టు ఇంకెవరూ చేసేవాళ్లు కాదని పేరు. ఆసుపత్రి మూతపడి పదేళ్లయినా ఆ పేరు పోలేదు. ఇందాక చర్చి నుంచి అరటిపళ్లు పట్టుకొచ్చిన ఆడవాళ్లు కూడా, "రిబ్కమ్మ సిస్టర్ ఉండంగ ఆశీర్వాదానికి ఏం ఫికరమ్మా!" అనే వెళ్లారు. పుండు సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

"ఈ చేతులతోని ఎన్ని వీపులు రుద్దిన్నో నీకు ఎరుకేనా?" అంది రిబ్కమ్మ. "నీకు నేర్పింది గూడ నేనే."

"ఎరుకే అత్తమ్మా."

"ఒక్కలకన్న పుండు వడ్డదా?"

ఇక్కడ లిడియా నోరు మూసుకుని ఉంటే బాగుండేది. మూసుకోలేదు.

"లెక్కబెట్టినమా?"

"ఏంది?"

"వడ్డదో లేదో ఎవలన్న రాసిపెట్టిన్రా అత్తమ్మా? ఇంటికి పంపినంక ఎవలన్న పోయి చూసిన్రా?"

కోపం వస్తే రిబ్కమ్మ అరిచే మనిషే. అరవకుండా ఊరుకుందంటే మాట ఎక్కడో లోతుగా తగిలిందన్నమాట. లిడియాకు ఆ క్షణంలోనే ప్రాణం ఉసూరుమంది. పద్నాలుగేళ్ల కింద ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు, నర్సు ఉద్యోగం మానొద్దని కొడుకుతో పోట్లాడింది ఈ అత్తగారే.

ఆ కొడుకు తిమోతి, పెద్దపల్లి బడిలో లెక్కల టీచరు, ఇలాంటి వేళల్లో నీళ్ల ట్యాంకు నిండిందో లేదో చూడడానికి డాబా ఎక్కుతాడు. పొద్దటి నుంచి ఆ ట్యాంకును మూడుసార్లు చూసి వచ్చాడు.

"ఏమే," అన్నాడు ఆశీర్వాదం గోడతో మాట్లాడుతున్నట్టు. "మీ ఇద్దరి పంచాయితి నా ఎనక నడుస్తున్నది. నన్ను జర ఇటు మలుపుండ్రి. నేను గూడ చూస్త."

ఎవరూ నవ్వలేదు.

"నొప్పి లేస్తున్నది," అన్నాడాయన మళ్లీ, ఈసారి చిన్నగా.

రిబ్కమ్మ కుర్చీ వెనక్కి జరిపింది. ఒకరు భుజం కింద, ఒకరు తొడ కింద చేతులు పెట్టారు. ఒకటి, రెండు అని లెక్క కూడా చెప్పుకోకుండా ఇద్దరూ ఒక్కసారే లేపి, ఆయన్ని పక్కకు ఒత్తిగిలబెట్టి, వీపు వెనక దిండు ఆనించారు. పుండు రేగుపండంత ఉంది. చుట్టూ అరచేతి వెడల్పున చర్మం ముదురెరుపుగా కమిలిపోయి ఉంది. లిడియా సెలైన్‌తో కడిగి, పైన పట్టీ అంటించింది. ఆయన ఒక్కసారి "యేసయ్యా" అన్నాడు. రిబ్కమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, పట్టీ వేసినంతసేపూ కళ్లు ఇటు తిప్పలేదు.

పని అయ్యాక, "నీ వార్డులనే మొదలైంది," అంది రిబ్కమ్మ. "ఇంటికొచ్చినంక కాలే."

ఆ మాట నిజమో కాదో లిడియాకు తెలియదు. తెలుసుకోవాలంటేనే భయంగా ఉంది.

* * *

వంటింట్లో ఫోను మోగింది. నర్సింగ్ సూపరింటెండెంట్ మమతారాణి మేడం. పుండు సంగతి లిడియా పొద్దున్నే ఆమెకు చెప్పింది.

"లిడియా, కాగితం రాసినవా?"

"ఇంక రాయలే మేడం."

"రేపు పదింటికి తనిఖీ వాళ్లొస్తరు. కుట్లు తియ్యనీకి మీ మామగారిని రేపే తీస్కొస్తవ్. అందరు చూస్తరు. కాగితం లేకుంటే ఇంక బద్నాం అయితం."

ఎముకల వార్డులో ఏ రోగికి పుండు కనిపించినా రాయాల్సిన కాగితం అది. దాన్ని ఆ ఆసుపత్రిలోకి తెచ్చింది లిడియానే. పోయినేడు హైదరాబాదులో ఆరు రోజుల శిక్షణకు వెళ్లి వచ్చి, ముందు ఒక నెలంతా ఏమీ మార్చకుండా లెక్కబెట్టింది. నలభై రెండు మంది రోగుల్లో ఏడుగురికి పుండ్లు పడ్డాయి. అన్నేళ్లుగా అక్కడ పనిచేస్తున్న డాక్టర్లు కూడా ఆ అంకె చూసి నమ్మలేదు. తర్వాత స్పిరిటు రుద్దడం మాన్పించింది. చర్మం ఎర్రబడిన చోట వేలితో ఒత్తి చూడాలి. వేలు తీయగానే తెల్లబడి, మళ్లీ ఎర్రబడితే రక్తం ఆడుతున్నట్టు. తెల్లబడకపోతే లోపల కండ అప్పటికే దెబ్బ తిన్నట్టు. దాన్ని రుద్దితే నలిగిన కండ ఇంకా నలుగుతుంది. రుద్దడం కాదు, ఆ చోటు మీద బరువు పడకుండా రెండు గంటలకోసారి మనిషిని పక్కకు తిప్పాలి. తిప్పినప్పుడల్లా మంచానికి కట్టిన చార్టులో టిక్కు పెట్టి సంతకం చెయ్యాలి.

వార్డు గుమ్మం దగ్గర ఒక బోర్డు పెట్టారు. పుండు పడని రోజులు ఎన్నో దాని మీద రాస్తారు. ఈ రోజుకు తొంభై రెండు.

"కాగితంల ఏం పెడుతవ్?" అంది మమతారాణి.

ఆ కాగితంలో రెండు గళ్లున్నాయి. పుండు మొదలైంది వార్డులోనా, ఇంట్లోనా అని.

"ఇంట్ల అని పెట్టు. నీ ఇల్లే కద, ఎవ్వలు అడుగుతరు? ఇంటికాడ రుద్దవట్టి పుండు వడ్డదని మీ అత్తగారితోని రెండు ముక్కలు రాయించి సంతకం తీస్కో. అయిపాయె."

"మేడం, గది..."

"తొంభై రెండు రోజులు, లిడియా! నీ కష్టం. నా ఇరవై ఏండ్ల సర్వీసుల అసొంటి బోర్డు చూడలే. ఇంకొకటి. మీ మామగారి చార్టు మీద పగటి సంతకాలన్ని ముబీనావి. ఆ పిల్ల కాంట్రాక్టు వచ్చే నెలతోని అయిపోతది. వార్డుల అని పెడితే ముందుగాల పొయ్యేది ఆమె ఉద్యోగమే. ఆలోచించు."

మమతారాణి చెడ్డ మనిషి కాదు. డ్యూటీలో కళ్లు తిరిగి పడిపోయిన నర్సును తన స్కూటీ మీద ఇంటికి దింపి వచ్చే మనిషి. అందుకే ఆమె మాట కాదనడం లిడియాకు కష్టమైంది.

ఫోను పెట్టేసరికి తిమోతి గుమ్మంలో ఉన్నాడు. మాటలన్నీ విన్నట్టే ఉన్నాడు.

"అవ్వతోని సంతకం పెట్టిచ్చుదాం," అన్నాడు, తల్లి ఉన్న గది వైపు చూస్తూ. "ఏం పోతది? ఆమెకేమన్న ఉద్యోగమున్నదా ఊడనీకి?"

"ఉద్యోగం లేదు. పేరున్నది."

"గా పేరు ఇప్పుడు ఎవలు చూస్తున్నరు లిడియా?"

"ఆమె చూసుకుంటది. రోజు చూసుకుంటది."

తిమోతి తల గోక్కున్నాడు. లెక్కల టీచరు కదా, ఒక పక్క ఇద్దరి ఉద్యోగాలు, ఇంకో పక్క ఒక ముసలామె పేరు పెట్టి తూకం వేశాడు. అతనికి తప్పు కనిపించలేదు. నిజం చెప్పాలంటే, ఆ నిమిషాన లిడియాకూ కనిపించలేదు. హ్యాండ్ బ్యాగులోంచి కాగితం తీసింది. ఇంట్లో అన్న గడి మీద పెన్ను ఆనించింది కూడా. పెన్ను ఆనింది కానీ గీత పడలేదు. పక్కగదిలో రిబ్కమ్మ ఆశీర్వాదానికి చెంచాతో జావ తాగిస్తూ, "ఒక్క గుటక, ఇంకొక్క గుటక," అని బతిమాలుతోంది.

* * *

నాలుగింటికి ముబీనా వచ్చింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, లిడియా వార్డులో కాంట్రాక్టు నర్సు. వరండాలో చెప్పులు విప్పింది కానీ లోపలికి రాలేదు.

"సిస్టర్, ఒక్క మాట చెప్పి పోత."

"కూసో ముబీనా."

"వద్దు సిస్టర్. కూసుంటే చెప్పలేను." దుపట్టా కొస వేళ్లకు చుట్టుకుంటూ నిలబడింది. "ఆశీర్వాదం సార్ చార్టు మీద నా సంతకాలున్నయి కద. అవన్ని నిజం కాదు."

"ఏవి కాదు?"

"పగటియి. రెండింటిది, నాలుగింటిది. మూడో రోజు నుంచి."

"తిప్పలేదా?"

"నేను తిప్పలే. రిబ్కమ్మ సిస్టర్ తిప్పిన అన్నది. ఎప్పుడు పోయినా, అయ్యింది బిడ్డా, నువ్వు కడమోళ్లను చూస్కో అంటుండె. నేను టిక్కు పెట్టిన."

"వేలు ఒత్తి చూసినవా?"

"లేదు సిస్టర్." ముబీనా కళ్లనిండా నీళ్లు. "ఆమె చూసింది కద అనుకున్న. నేను పుట్టినప్పుడు నన్ను చేతులల్ల పట్టుకున్నది ఆమెనేనట. మా అమ్మీ ఇప్పటికీ చెప్తది. అసొంటి సిస్టర్‌ను లేపి, జరగుండ్రి, నేను చూస్త అని ఎట్లంట? అన్నేండ్ల సర్వీసు ఆమెది. నాది రెండేండ్లు."

"సంతకం నీది ముబీనా. చూడకుండ పెట్టుడు తప్పు."

"తప్పే సిస్టర్." ముక్కు తుడుచుకుంది. తర్వాత ఏదో అనబోయి ఆగింది.

"చెప్పు."

"కోపం చెయ్యొద్దు. మీరు గూడ రాలే సిస్టర్."

"ఏడికి?"

"రౌండుల ప్రతి బెడ్డు కాడ ఆగుతరు. దుప్పటి తీసి చూస్తరు. మామగారి బెడ్డు కాడ మాత్రం ఆగలే. అత్తమ్మ ఉన్నది కద అనుకుంట ముందటికి పోయిన్రు. పదకొండు రోజులు."

లిడియాకు కోపం రాలేదు. ఒళ్లంతా సిగ్గుతో వేడెక్కిపోయింది. నిజమే. ఆ మంచం ముందు నుంచి నడిచి వెళ్తుంటే ఆమెకు గర్వంగా కూడా ఉండేది. వార్డులో అందరికంటే మంచి నర్సు మామయ్య పక్కనే ఉంది కదా అనుకునేది. ముప్పై మంది రోగుల వీపులు తన కళ్లతో చూసింది. ఇంట్లో మనిషి వీపు ఒక్కసారి చూడలేదు.

"ఆ పిల్లను ఏమనకు," అన్న మాట వినిపించింది.

గుమ్మంలో రిబ్కమ్మ. చేతిలో ముబీనాకని తెచ్చిన చాయ్ గ్లాసు. ఎంతసేపటి నుంచి నిలబడిందో, చాయ్ మీద మీగడ కట్టింది.

* * *

ముబీనా గ్లాసు అందుకుంది. తాగలేదు.

"అత్తమ్మా," అంది లిడియా. "పగటి పూట మామయ్యను తిప్పినవా?"

"నిద్ర పట్టినప్పుడు తిప్పలే. రాత్రంత నొప్పితోని మేలుకుంటుండె. పగటీలి జర కన్ను మలిగితే లేపబుద్ధి కాలే." రిబ్కమ్మ గోడకు ఆనుకుంది. "తిప్పకున్నా రుద్దుతున్న కద, గదే సరిపోతదనుకున్న."

"ఎరుపు ఎప్పుడు చూసినవ్?"

వీధిలో కూరగాయల బండి అతను టమాటా ధర అరుస్తూ ఒక చివర నుంచి ఇంకో చివరకు వెళ్లిపోయాడు. ముబీనా గ్లాసులోకి చూస్తోంది. తిమోతి ఈసారి డాబా ఎక్కలేదు.

"తొమ్మిదో రోజు," అంది రిబ్కమ్మ చివరికి. "పగటి అన్నం అయినంక."

"వార్డులనే?"

"వార్డులనే."

"నాకు..." లిడియా మధ్యలోనే మాట మార్చింది. "ఏమనుకున్నవ్ అత్తమ్మా అప్పుడు? మామూలు ఎరుపు అనుకున్నవా?"

"వేలితోని ఒత్తిన."

లిడియా తలెత్తి చూసింది.

"నువ్వు రోజు అన్నం తినుకుంట చెప్తవ్ కద, ఒత్తి చూడాలె, తెల్లగయితే మంచిది, కాకుంటే లోపల చెడినట్టని. నేను ఇననట్టే కూసుంట గని ఇంటనే ఉంట. ఒత్తి చూసిన. తెల్లగ కాలే."

"మరి నాకెందుకు చెప్పలే!"

లిడియా అరిచేసింది. అత్తగారి మీద ఆమె గొంతెత్తడం ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. రిబ్కమ్మ అదిరిపడలేదు, తిరిగి అరవలేదు.

"ఆనాడు నీ బోర్డు మీద ఎనభై నాలుగు," అంది. "ఇంటికొచ్చి చెప్పులిడ్సుకుంటనే అంకె చెప్తవు నువ్వు. డెబ్బై అన్ననాడు సేమ్యా చేయించుకుని తిన్నవ్. తొంభై దాటితే తనిఖీ వాళ్లొస్తరు, వార్డుకు సర్టిఫికెట్ వస్తదన్నవ్. నీ ముఖం గంత మంచిగ ఎన్నడు చూడలే నేను. గిప్పుడు నీ మామ వీపు మీదనే గా అంకె చెడిపోవాల్నా అనిపిచ్చింది."

రిబ్కమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రెండు రోజులల్ల పోగొడుత అనుకున్న. ఎరుపు కనవడితే ఇన్నేండ్లు ఏం జేసిన? రుద్దిన. పోకుంటే ఇంక గట్టిగ రుద్దిన. గదే జేసిన." రెండు అరచేతులూ కళ్ల ముందుకు తెచ్చుకుని చూసుకుంది. "ఆయన మెల్లగే, మెల్లగే అంటనే ఉన్నడు. నేనే ఇనలే."

లిడియాకు ఏడుపు ఆగలేదు. ఎవరి మీద ఏడవాలో కూడా తెలియలేదు. పుండ్లు పడకూడదని పెట్టిన బోర్డు. దాని మీది అంకె కోసం ఈమె పుండును దాచింది. అత్తగారు తనను అంతగా ప్రేమిస్తుందని తెలిసిన రోజు ఇలాంటి రోజు కావాలా అనిపించింది. వెళ్లి రిబ్కమ్మ రెండు చేతులూ పట్టుకుంది. స్పిరిటుకు ఎండి, పగిలి, గరుకుగా ఉన్నాయి.

"తప్పు నాది గూడ అత్తమ్మా. నేను రోజు ఆ అంకెనే చెప్పిన. ఎర్రగయితే దాచకుండ్రి, నాకు చెప్పుండ్రి అని ఎన్నడు చెప్పలే."

* * *

కాగితం తెచ్చి వరండాలో అరుగు మీదే పెట్టుకుని రాసింది. వార్డులో అన్న గడిలో గీత పడింది. కింద ఎలా జరిగింది అన్న చోట నాలుగు వాక్యాలు రాసింది. ఇంటి మనిషి పక్కన ఉందని ఇన్‌చార్జి పదకొండు రోజులూ రోగిని చూడలేదు. తిప్పామన్న మాట నమ్మి, చూడకుండా చార్టు నింపారు. తొమ్మిదో రోజు ఎరుపు కనిపించినా అంకె చెడుతుందన్న భయంతో బయటపెట్టలేదు. ఎర్రబడ్డ చోట గట్టిగా రుద్దడం జరిగింది.

"నా పేరు రాయి," అంది రిబ్కమ్మ.

"పేర్లు రాసేది లేదు. ఏమయిందో రాస్తం, గంతే. మళ్ల గట్ల కావద్దని."

"మరి నా సంగతి, సిస్టర్?" అంది ముబీనా.

"నీ ఉద్యోగం పోతే నాది గూడ పోవాలె. ఆ మాట నేను చెప్త."

తిమోతి ఏదో అనబోయి, తల్లి ముఖం చూసి మానేశాడు. వెళ్లి ముబీనా చేతిలో చల్లారిన చాయ్ తీసుకుని, వేడి చేసుకొస్తానని వంటింట్లోకి నడిచాడు. ఆ రోజంతటిలో అతను చేసిన మంచి పని అదొక్కటే.

ఫోను మోగింది. లిడియా ఎత్తింది.

"వార్డుల అని పెట్టిన మేడం."

అవతల మమతారాణి ఏవో కాగితాలు పక్కకు జరిపిన చప్పుడు.

"పొద్దుగాల ఎనిమిదింటికి నా రూముకు రా. తనిఖీ వాళ్లకన్న ముందు," అని పెట్టేసింది.

లిడియా కాగితం మడవబోతుంటే రిబ్కమ్మ ఆపింది.

"ఎన్ని అని రాసినవ్?"

"ఏంది అత్తమ్మా?"

"పుండ్లు. ఎన్ని?"

"ఒకటి."

"రెండు రాయి."

లిడియాకు అర్థం కాలేదు.

"మీ వార్డుల వరండా అవతల, ఆడోళ్ల దిక్కు, సక్కుబాయని ఉండె. ఉట్నూరు దిక్కు ముసలామె, కాలు విరిగింది. కొడుకును ఆడోళ్ల దిక్కు కూసోనియ్యరాయె. ఆమెను చూసేటందుకు ఎవ్వలు లేకుండె. పాపమని రోజు పోయి ఆమె వీపు గూడ రుద్దొచ్చిన." రిబ్కమ్మ మాట తడబడింది. "ఇంటికి పోయేనాడు, నువ్వు రౌండు చేసి పోయినంక, ఆమెకు గూడ ఎర్రగయింది. గట్లనే ఇంటికి పోయింది."

ముబీనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఆ అమ్మ చార్టు గూడ నేనే నింపిన," అంది.

సక్కుబాయి కొడుకు హనుమండ్లు తన నంబరు రిబ్కమ్మకు ఇచ్చి వెళ్లాడు. బైబిలు వెనక అట్ట లోపల రాసుకుంది. లిడియా నంబరు కొట్టి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టింది.

"ఎవలు?"

"కరీంనగర్ ఆసుపత్రి నుంచి లిడియా సిస్టర్‌ను. మీ అమ్మ ఎట్లున్నది?"

"మా మాయి మంచిగున్నది సిస్టర్!" హనుమండ్లు గొంతులో సంతోషం. "కాలు నొప్పి జర తగ్గింది. నడుము కాడ తోలు లేచింది గని, ఫికర్ లేదు. పొద్దుగాల, మాపటికి స్పిరిటు పెట్టి రుద్దుతున్నం. ఎర్రగున్న కాడ ఇంక గట్టిగ రుద్దుమని రిబ్కమ్మ సిస్టర్ చెప్పింది. మాయి మొత్తుకుంటది గని, ఇడుస్తలేం."

రిబ్కమ్మ కళ్లు మూసుకుంది.

"హనుమండ్లన్నా, రుద్దుడు ఆపుండ్రి," అంది లిడియా. "ఇయ్యాల్నే ఆపాలె. పక్కకు ఒత్తిగిలి పండవెట్టి..."

"ఏ, ఆపం సిస్టర్." అతను నవ్వాడు. "గీ కాలపు చిన్న సిస్టర్లు వద్దంటరు, వాళ్ల మాట ఇనకు అని ఆమె ముందుగాలనే చెప్పింది. నా చెయ్యి పట్టుకుని మాట తీస్కున్నది. ఆమెకు తెల్వనిదా?"

రిబ్కమ్మ చెయ్యి చాచి ఫోను తీసుకుంది.

"హనుమండ్లూ, నేనే బిడ్డా, రిబ్కమ్మను. నేను చెప్పింది తప్పు. రుద్దకు. నీ కాళ్లు మొక్కుత, రుద్దకు."

అవతల, వెనక ఎక్కడో ఒక ముసలి గొంతు సన్నగా మూలుగుతోంది.

"ఎవలమ్మా నువ్వు?" అన్నాడు హనుమండ్లు. గొంతులో ఇందాకటి నవ్వు లేదు. "మా రిబ్కమ్మ సిస్టర్ గిట్ల మాట్లాడది."

ఫోను పెట్టేశాడు. లిడియా మళ్లీ చేసింది. ఎత్తలేదు.